లుక్రీషియా మాట్: బానిస విమోచన సభల నుంచి స్త్రీల హక్కుల సదస్సు దాకా

లుక్రీషియా మాట్ (1793-1880) అమెరికాలో బానిసత్వ నిర్మూలనకూ స్త్రీల హక్కులకూ ఏకకాలంలో పనిచేసిన క్వేకర్ ప్రబోధకురాలు. 1833లో ఫిలడెల్ఫియాలో ఏర్పడిన స్త్రీల బానిసత్వ వ్యతిరేక సంఘానికీ, 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీ హక్కుల సదస్సుకూ ఆమె ముఖ్య నిర్వాహకుల్లో ఒకరు. ఈ రెండు పనులనూ ఆమె ఎప్పుడూ విడదీసి చూడలేదు. సభలో లేచి మాట్లాడటం, తీర్మానం పెట్టడం, సంఘం లెక్కాపత్రం చూసుకోవడం క్వేకర్ స్త్రీగా ఆమెకు అలవడిన పనులు. బానిసల విడుదల కోసం అవే పనులు బయట చేయబోతే స్త్రీ అన్న కారణంతో అడ్డుకున్నారు. స్త్రీల హక్కుల కోర్కె ఆ అడ్డంకుల దగ్గరే రూపుకట్టింది.

క్వేకర్లూ బానిసత్వమూ

క్వేకర్లు తమను ‘స్నేహితుల సమాజం’ అని పిలుచుకుంటారు. 17వ శతాబ్దం నడుమ ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధనలతో ఈ శాఖ మొదలైంది. ప్రతి మనిషిలోనూ దైవజ్యోతి ఉంటుందని, దాన్ని తెలుసుకోవడానికి పురోహితుడి అవసరం లేదని వారి నమ్మకం. ప్రార్థన సభలో అందరూ మౌనంగా కూర్చుంటారు. ప్రేరణ కలిగినవారు ఆడైనా మగైనా లేచి మాట్లాడతారు. స్త్రీలకు ప్రబోధం చేసే అర్హత ఉందని వాదిస్తూ మార్గరెట్ ఫెల్ 1666లోనే పుస్తకం ప్రచురించింది. సమాజ వ్యవహారాలు చూసుకోవడానికి స్త్రీలకు విడిగా సభలుండేవి. వాటిలో కార్యదర్శి, తీర్మానాలు, పద్దులు అన్నీ స్త్రీల చేతుల మీదుగానే నడిచేవి. అయితే సమాజం మొత్తానికి వర్తించే నిర్ణయాల్లో పురుషుల సభ మాటే ఎక్కువగా చెల్లేది.

క్వేకర్లు మొదటి నుంచీ బానిసత్వాన్ని కాదన్నవారేమీ కాదు. పెన్సిల్వేనియాలో సంపన్న క్వేకర్ వర్తకులు అనేకులు బానిసలను కొన్నారు, అమ్మారు. 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు వలసవాసులు రాసిన నిరసన పత్రాన్ని పై సభలు పక్కన పెట్టేశాయి. బెంజమిన్ లే, జాన్ ఉల్‌మన్ లాంటివారు దశాబ్దాల పాటు పోరిన తర్వాత, 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ బానిసల క్రయవిక్రయాలు చేసే సభ్యులపై చర్యలకు దిగింది. 1776లో బానిసలను ఉంచుకోవడాన్నే నిషేధించింది. ఆ తర్వాత కూడా కొన్ని క్వేకర్ సభామందిరాల్లో నల్లజాతి వారికి వేరే బల్ల ఉండేది. ఫిలడెల్ఫియా ఉపాధ్యాయురాలు సారా మ్యాప్స్ డగ్లస్ తనకూ తల్లికీ ఎదురైన ఈ అనుభవాన్ని నమోదు చేసింది. బానిసత్వం తప్పని ఒప్పుకోవడానికీ, విముక్తులను తోటివారిగా చూడటానికీ మధ్య ఉన్న ఈ దూరం మాట్ జీవితం పొడవునా ఆమెకు ఎదురవుతూనే వచ్చింది.

నాంటకెట్ బాల్యం, చదువు

లుక్రీషియా కాఫిన్ 1793 జనవరి 3న మసాచుసెట్స్ తీరానికి దూరంగా ఉన్న నాంటకెట్ దీవిలో పుట్టింది. ఆ దీవికి తిమింగలాల వేటే జీవనాధారం. మగవాళ్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సముద్రం మీదే ఉండేవారు. ఊళ్లో దుకాణాలు, అప్పులు, బేరాలు స్త్రీలే చూసుకునేవారు. లుక్రీషియా తండ్రి థామస్ కాఫిన్ ఓడ కెప్టెన్. తల్లి అన్నా ఫోల్జర్ దుకాణం నడుపుతూ సరుకు కోసం బోస్టన్ వెళ్లి వచ్చేది. తండ్రి ఓడను దక్షిణ అమెరికా తీరంలో స్పానిష్ అధికారులు పట్టుకున్నప్పుడు, ఆయన తిరిగి వచ్చేదాకా ఇంటి భారమంతా తల్లే మోసింది. స్త్రీ వ్యాపారం చేయడం, డబ్బు వ్యవహారాలు నడపడం ఆ దీవిలో వింతగా ఎవరికీ తోచేది కాదు. తర్వాతి కాలంలో స్త్రీల సామర్థ్యం గురించి వాదించాల్సి వచ్చినప్పుడు మాట్ తరచుగా నాంటకెట్ స్త్రీలనే ఉదాహరణగా చూపేది.

1804లో కుటుంబం బోస్టన్‌కు మారింది. పదమూడో ఏట ఆమెను న్యూయార్క్ రాష్ట్రంలోని నైన్ పార్ట్‌నర్స్ క్వేకర్ బడికి పంపారు. ఆడపిల్లలూ మగపిల్లలూ చదివే వసతి బడి అది. చదువు ముగిశాక అక్కడే సహాయ ఉపాధ్యాయురాలైంది. ఒకే పని చేస్తున్నా ఉపాధ్యాయినులకు ముట్టే జీతం పురుషుల జీతంలో సగం కూడా లేదని, అమ్మాయిలైనా అబ్బాయిలైనా కట్టే ఫీజు మాత్రం సమానమేనని అక్కడే గమనించింది. సమత్వాన్ని బోధించే సమాజంలోనే ఈ తేడా ఉండటం ఆమె మనసులో నాటుకుపోయింది. ఆ బడిలోనే ఉపాధ్యాయుడు జేమ్స్ మాట్ పరిచయమయ్యాడు. 1811 ఏప్రిల్ 10న ఫిలడెల్ఫియాలో క్వేకర్ పద్ధతిలో వారి పెళ్లి జరిగింది. పురోహితుడు లేకుండా వధూవరులే పరస్పరం మాట ఇచ్చుకునే ఆ పద్ధతిలో, భార్య భర్తకు లోబడి ఉంటానని ప్రమాణం చేయాల్సిన పని లేదు.

వారికి ఆరుగురు పిల్లలు పుట్టారు. 1817లో పసివాడైన కొడుకు థామస్ చనిపోయాడు. ఆ దుఃఖం తర్వాతే లుక్రీషియా ప్రార్థన సభల్లో మాట్లాడటం మొదలుపెట్టింది. 1821లో సమాజం ఆమెను ప్రబోధకురాలిగా గుర్తించింది. పీఠమూ జీతమూ లేని ఈ గుర్తింపు ఆమెకు ఊరూరా తిరిగి మాట్లాడే అవకాశం ఇచ్చింది. ఆనాటి అమెరికాలో స్త్రీ పురుషులు కలిసి కూర్చున్న సభలో స్త్రీ ప్రసంగించడం మర్యాద తప్పిన పనిగా చలామణి అయ్యేది. మాట్ బయటి సభల్లో మాట్లాడటం ప్రారంభించే నాటికే ఆమెకు పదేళ్లకు పైగా ప్రబోధ అనుభవం ఉంది.

1827లో ఫిలడెల్ఫియా క్వేకర్లు రెండుగా చీలారు. గ్రంథ ప్రమాణం కన్నా లోపలి జ్యోతికే పెద్ద పీట వేసిన ఎలయాస్ హిక్స్ అనుచరులు హిక్సైట్లయ్యారు. మిగిలినవారు ఆర్థడాక్స్ వర్గమయ్యారు. కొంత తటపటాయింపు తర్వాత మాట్ దంపతులు హిక్సైట్ల వైపు చేరారు. బానిసల శ్రమతో పండిన సరుకు వాడటం కూడా పాపంలో భాగం పంచుకోవడమేనని హిక్స్ బోధించాడు. ఆ మాటను మాట్ కుటుంబం ఆచరణలో పెట్టింది. ఇంట్లోకి చెరకు పంచదార, నూలు బట్ట రావడం ఆగిపోయింది. ఇబ్బంది జేమ్స్‌కు వచ్చింది. అతని వ్యాపారం పత్తిదే. 1830 ప్రాంతంలో లాభసాటిగా ఉన్న ఆ వ్యాపారాన్ని వదిలి ఉన్ని వ్యాపారానికి మారాడు.

1833: స్త్రీల సంఘం

1833 డిసెంబరులో విలియం లాయిడ్ గారిసన్ తదితరులు ఫిలడెల్ఫియాలో సమావేశమై అమెరికన్ యాంటీ స్లేవరీ సొసైటీని స్థాపించారు. బానిసలను విడతలవారీగా కాక వెంటనే, యజమానులకు పరిహారం చెల్లించకుండా విడుదల చేయాలన్నది దాని సూత్రం. సుమారు 60 మంది ప్రతినిధుల్లో స్త్రీలు లేరు. ప్రేక్షకులుగా పిలిచిన కొద్దిమంది స్త్రీలలో మాట్ ఒకరు. చర్చలో ఆమె లేచి మాట్లాడింది, సంఘం వెలువరించబోయే ప్రకటన పాఠంలో సవరణలు సూచించింది. ఆమె సూచనలను విన్నారు గానీ, ప్రకటనపై సంతకం చేయమని స్త్రీలను అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

కొద్ది రోజులకే, డిసెంబరు 9న, ఫిలడెల్ఫియా ఫిమేల్ యాంటీ స్లేవరీ సొసైటీ ఏర్పడింది. తెల్లజాతి స్త్రీలూ నల్లజాతి స్త్రీలూ ఇందులో మొదటి నుంచీ సభ్యులు. నల్లజాతి వ్యాపారి జేమ్స్ ఫోర్టెన్ భార్య షార్లెట్, వారి కూతుళ్లు మార్గరెట్టా, హ్యారియెట్, సారా, ఇంకా గ్రేస్ డగ్లస్, ఆమె కూతురు సారా మ్యాప్స్ డగ్లస్ స్థాపకుల్లో ఉన్నారు. క్వేకర్ సభలు నడిపిన అనుభవం ఉన్నా, ఓట్లతో తీర్మానాలు చేసే బహిరంగ సంఘాన్ని నడిపే పద్ధతి తమకు తెలియదనిపించి, తొలి సమావేశానికి అధ్యక్షుడిగా నల్లజాతి దంతవైద్యుడు జేమ్స్ మెక్‌క్రమ్మెల్‌ను పిలిచారు. ఆ తర్వాత మరొకరి సాయం అవసరం రాలేదు.

ఈ సంఘం పని ముఖ్యంగా మూడు విధాలుగా సాగింది. మొదటిది, విజ్ఞాపన పత్రాలు. ఓటు లేని స్త్రీలకు ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఉన్న దారి అదొక్కటే. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించి కాంగ్రెస్‌కు పంపేవారు. ఈ పత్రాలు వెల్లువెత్తడంతో 1836లో ప్రతినిధుల సభ, బానిసత్వంపై వచ్చే ఏ విజ్ఞాపననూ చర్చించకుండా పక్కన పెట్టే నియమం తెచ్చింది. అది 1844 దాకా అమల్లో ఉంది. రెండోది, ఏటా జరిపే సంత. స్త్రీలు కుట్టిన, అల్లిన వస్తువులు అమ్మి ఉద్యమానికి నిధులు సమకూర్చేవారు. పత్రికలకూ ప్రచారకులకూ అయ్యే ఖర్చులో గణనీయమైన భాగం ఇలా వచ్చేది. మూడోది, నల్లజాతి పిల్లల బడులకు సాయం. సారా డగ్లస్ నడిపిన బడికి సంఘం కొన్నేళ్లు ఆర్థిక బాధ్యత వహించింది. సంతకాల కోసం తెలియని ఇంటి తలుపు తట్టడం, జమాఖర్చులు చూడటం, పత్రికలకు నివేదికలు రాయడం ఎందరో స్త్రీలకు రాజకీయ శిక్షణ అయింది.

పెన్సిల్వేనియా హాల్ దహనం

1837లో న్యూయార్క్‌లో బానిసత్వ వ్యతిరేక స్త్రీల జాతీయ సదస్సు మొదటిసారి జరిగింది. రెండో సదస్సు 1838 మేలో ఫిలడెల్ఫియాలో పెట్టారు. బానిసత్వ వ్యతిరేకులకు సభాస్థలాలు దొరకని పరిస్థితుల్లో, వాటాలు అమ్మి సుమారు 40,000 డాలర్లతో పెన్సిల్వేనియా హాల్ అనే భవనం కట్టారు. మే 14న అది ప్రారంభమైంది. తెల్లవారు, నల్లవారు పక్కపక్కనే కూర్చుంటున్నారన్న కబురు ఊరంతా పాకింది. 16 సాయంత్రం బానిసత్వ వ్యతిరేక వక్త ఏంజెలినా గ్రిమ్కే ప్రసంగిస్తుండగా బయటి గుంపు కిటికీల మీద రాళ్లు రువ్వింది. ఆమె ప్రసంగం ఆపలేదు. సభ ముగిశాక తెల్ల స్త్రీలు, నల్ల స్త్రీలు చేయీ చేయీ పట్టుకుని గుంపు మధ్య నుంచే బయటికి నడిచారు.

మరుసటి రోజు, నల్లజాతి స్త్రీలు సభకు రాకపోతే గొడవ తగ్గుతుందని నగరాధికారుల నుంచి సూచన వచ్చింది. మాట్ ఆ సూచనను సభకు చదివి వినిపించి, తాను దాన్ని ఒప్పుకోనని, భయపడి ఎవరూ ఆగిపోవద్దని చెప్పింది. ఆ రాత్రి, మే 17న, గుంపు హాలు తలుపులు పగలగొట్టి నిప్పు పెట్టింది. అగ్నిమాపక దళాలు చుట్టుపక్కల ఇళ్లను తడిపాయి తప్ప హాలు మీద నీళ్లు పోయలేదు. తెరిచి నాలుగు రోజులైనా కాని భవనం బూడిదైంది. అక్కణ్నుంచి గుంపు మాట్ ఇంటి వైపు బయలుదేరింది. దారిలో ఒక మిత్రుడు గుంపులో కలిసిపోయినట్టు నటిస్తూ వారిని వేరే వీధికి మళ్లించాడు. మర్నాడు సదస్సు ఆగలేదు. సారా ప్యూ నడిపే బడిగదిలో కొనసాగింది.

లండన్, 1840

స్త్రీల భాగస్వామ్యం ఉద్యమంలోపలే తగువుగా మారింది. 1840 మేలో మసాచుసెట్స్ క్వేకర్ యువతి ఆబీ కెల్లీని అమెరికన్ సంఘం కార్యవర్గ ఉపసంఘానికి ఎన్నుకోవడంతో, అది నచ్చని వర్గం విడిపోయి వేరు కుంపటి పెట్టుకుంది. మరుసటి నెలలోనే లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక సదస్సు జరిగింది. పెన్సిల్వేనియా సంఘాలు మాట్‌తో పాటు సారా ప్యూ, మేరీ గ్రూ, ఆబీ కింబర్, ఎలిజబెత్ నీల్‌లను ప్రతినిధులుగా పంపాయి. ఇంగ్లండు ఆచారానికి విరుద్ధమంటూ నిర్వాహకులు వారిని ప్రతినిధులుగా చేర్చుకోలేదు. జూన్ 12న తొలి రోజంతా ఈ విషయంపైనే వాదన నడిచింది. అమెరికన్ ప్రతినిధి వెండెల్ ఫిలిప్స్ స్త్రీల పక్షాన తీర్మానం పెట్టాడు గానీ అది భారీ తేడాతో ఓడిపోయింది. స్త్రీలు అడ్డుకట్టకు అవతల కూర్చుని మౌనంగా వినాల్సి వచ్చింది. ఆలస్యంగా చేరుకున్న గారిసన్, నల్లజాతి నాయకుడు చార్లెస్ లెనాక్స్ రెమండ్ సభలో తమ స్థానాలు వదులుకుని స్త్రీల పక్కనే కూర్చున్నారు.

సదస్సు నిర్వాహకుల్లో జోసెఫ్ స్టర్జ్ లాంటి క్వేకర్లు ప్రముఖులు. స్త్రీలకు ప్రబోధ హక్కు ఇచ్చిన సమాజం వారే సభలో మాట్లాడే హక్కు కాదన్నారు. దీనికి మరో కారణం కూడా ఉంది. ఇంగ్లండు క్వేకర్లు ఆర్థడాక్స్ వర్గం. వారి లెక్కలో హిక్సైట్లు మతభ్రష్టులు. అందువల్ల మాట్‌ను స్త్రీగానే గాక పరవర్గీయురాలిగా కూడా దూరం పెట్టారు. ఈ ప్రయాణంలోనే, ప్రతినిధిగా వచ్చిన భర్త హెన్రీ వెంట ఉన్న కొత్త పెళ్లికూతురు ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఆమెకు పరిచయమైంది. మాట్‌కు అప్పుడు 47 ఏళ్లు, స్టాంటన్‌కు 24. స్వతంత్రంగా ఆలోచించి నిర్భయంగా మాట్లాడే స్త్రీని స్టాంటన్ అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

స్వదేశంలోనూ మాట్‌కు తన సమాజంతో పొత్తు కుదరలేదు. లోకుల ఉద్యమాల్లో కలవడం క్వేకర్ల ప్రశాంత జీవనానికి భంగమని హిక్సైట్ పెద్దలు అనేకులు భావించారు. 1841లో న్యూయార్క్ సభ ఐజక్ హాపర్ తదితరులను బానిసత్వ వ్యతిరేక పత్రికతో సంబంధం ఉందన్న కారణంతో వెలివేసింది. మాట్‌ను కూడా వెలివేయాలని ప్రయత్నాలు జరిగాయి. సమాజ నియమాలు క్షుణ్ణంగా తెలిసిన ఆమె, వారికి దొరికే తప్పటడుగు వేయలేదు. విడిచిపోయి స్వేచ్ఛగా మాట్లాడటం కన్నా లోపల ఉండి వాదించడమే మేలని ఆమె నిర్ణయించుకుంది.

సెనెకా ఫాల్స్, 1848

1848 వేసవిలో మాట్ దంపతులు న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమ భాగంలో పర్యటించారు. కాటరాగస్‌లో సెనెకా తెగవారిని చూసి, ఆబర్న్‌లో ఉన్న చెల్లెలు మార్తా రైట్ ఇంటికి వచ్చారు. జులై 9న వాటర్‌లూలో జేన్ హంట్ ఇంట్లో తేనీటికి కలిసినవారు ఐదుగురు: మాట్, రైట్, జేన్ హంట్, మేరీ ఆన్ మక్లింటాక్, స్టాంటన్. స్టాంటన్ తప్ప మిగిలినవారంతా క్వేకర్ నేపథ్యం వారే. ఆ రోజే సదస్సు పెట్టాలని నిర్ణయించి పత్రికకు ప్రకటన పంపారు. అందులో వక్తగా పేరు వేసింది ఒక్క మాట్‌దే. జనాన్ని రప్పించగల పేరు అదొక్కటే.

జులై 19, 20 తేదీల్లో సెనెకా ఫాల్స్‌లోని వెస్లియన్ ప్రార్థనాలయంలో సుమారు 300 మంది చేరారు. స్త్రీ పురుషులున్న సభకు స్త్రీ అధ్యక్షత వహించడానికి సాహసం చాలక రెండో రోజు జేమ్స్ మాట్‌ను కూర్చోబెట్టారు. స్వాతంత్ర్య ప్రకటన నమూనాలో స్టాంటన్ ప్రధానంగా రూపొందించిన ‘మనోభావాల ప్రకటన’, పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో ఉనికి లేకపోవడం, ఆస్తి, వేతనం, చదువు, వృత్తులు, పిల్లలపై హక్కు వంటి అన్యాయాలను వరుసగా ఏకరువు పెట్టింది. 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకం చేశారు. మొదటి సంతకం మాట్‌ది. సంతకాలు చేసినవారిలో ఆ ప్రాంతపు క్వేకర్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు.

ఓటు హక్కు తీర్మానం దగ్గర మాట్ వెనుకాడింది. అంత పెద్ద కోర్కె పెడితే జనం నవ్వుతారని ఆమె అన్నట్టు స్టాంటన్ తర్వాత గుర్తు చేసుకుంది. ఇందులో క్వేకర్ దృక్పథం పాత్ర కూడా ఉంది. యుద్ధాలు చేసే, బానిసత్వాన్ని కాపాడే ప్రభుత్వంలో పాలుపంచుకోవడమే తప్పని గారిసన్ అనుచరులు, మాట్ కూడా భావించేవారు. ఓటు వేయడమన్నది వేయగలిగిన పురుషులే మానుకోవలసిన పని అని వారి మాట. ఫ్రెడరిక్ డగ్లస్ గట్టిగా సమర్థించడంతో ఆ తీర్మానం గట్టెక్కింది. హాజరైన నల్లజాతి వారిలో తెలిసిన పేరు డగ్లస్ ఒక్కడిదే. చివరి రోజు సాయంత్రం మాట్ తనంతట తాను ఒక తీర్మానం పెట్టింది: మత వేదిక మీద పురుషుల గుత్తాధిపత్యం పోవాలి, వృత్తుల్లో వ్యాపారాల్లో స్త్రీలకు సమాన స్థానం దక్కాలి. బడి జీతంలోని తేడా నుంచి ప్రబోధ వేదిక దాకా ఆమె అనుభవమంతా ఆ తీర్మానంలో ఉంది.

1849 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో ఆమె స్త్రీల గురించి చేసిన ప్రసంగం మరుసటి ఏడు పుస్తకంగా వచ్చింది. స్త్రీ స్థానం ఇల్లేనంటూ రిచర్డ్ హెన్రీ డేనా ఇచ్చిన ఉపన్యాసానికి అది జవాబు. బైబిల్‌నే ఆధారం చేసుకుని, పెళ్లి చట్టాల నుంచి వేతనాల దాకా ఒక్కొక్కటే ఎత్తి చూపి, స్త్రీలు అడుగుతున్నది దయ కాదని, న్యాయంగా రావలసిన హక్కని వాదించింది. ఓటు విషయంలో కూడా ఆమె మాట ఇక్కడ మారింది: స్త్రీ దాన్ని వాడినా మానినా, హక్కు మాత్రం ఆమెదే.

పారిపోయిన బానిసలకు ఆశ్రయం, యుద్ధం

1849లో హెన్రీ బ్రౌన్ అనే బానిస తనను తాను చెక్కపెట్టెలో పెట్టించుకుని, రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకు పార్సిల్‌గా చేరాడు. స్వేచ్ఛ దొరికిన తొలి రోజుల్లో అతనికి ఆతిథ్యమిచ్చిన ఇళ్లలో మాట్ ఇల్లు ఒకటి. 1850లో కాంగ్రెస్ చేసిన చట్టం, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించడానికి స్వేచ్ఛా రాష్ట్రాల పౌరులు కూడా సహకరించాలని శాసించింది. మాట్ ఆ చట్టాన్ని బహిరంగంగా ధిక్కరించింది. 1855లో యజమాని దగ్గర నుంచి తప్పించుకున్న జేన్ జాన్సన్, పట్టుబడే ప్రమాదం ఉన్నా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పినప్పుడు, మాట్ మరికొందరు స్త్రీలతో కలిసి ఆమె పక్కనే కూర్చుంది. 1859లో పారిపోయిన బానిస అంటూ పట్టుకున్న డేనియల్ డేంజర్‌ఫీల్డ్ విచారణ రాత్రంతా సాగితే, ఆమె కూడా రాత్రంతా కోర్టులోనే ఉంది. అతను విడుదలయ్యాడు.

మాట్ అహింసావాది. ఆయుధం పట్టడాన్ని ఏ కారణంతోనూ ఒప్పుకోలేదు. అయినా బానిసత్వంపై ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ ఉరికి ముందు అతని భార్య మేరీకి ఇంట్లో ఆశ్రయమిచ్చింది. అంతర్యుద్ధ కాలంలో, 1863లో, ఫిలడెల్ఫియా శివార్లలో ఆమె ఇల్లు ‘రోడ్‌సైడ్’ సమీపంలో, అల్లుడు ఎడ్వర్డ్ డేవిస్ భూమిలో, నల్లజాతి సైనికుల శిక్షణ శిబిరం వెలిసింది. క్యాంప్ విలియం పెన్ పేరుతో ఏర్పడిన ఆ శిబిరంలో సుమారు 11,000 మంది తర్ఫీదు పొందారు. యుద్ధాన్ని కాదంటూనే ఆమె ఆ సైనికులతో మాట్లాడింది, వారి బాగోగులు చూసింది. 1865లో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం చట్టరీత్యా ముగిసింది. అంతటితో పని అయిపోయిందని ఆమె అనుకోలేదు. ఫిలడెల్ఫియా వీధి ట్రాముల్లో నల్లజాతి వారిని ఎక్కనివ్వని ఆచారంపై స్త్రీల సంఘం పోరాటంలో పాల్గొంది. 1867లో రాష్ట్ర చట్టం ఆ నిషేధాన్ని తొలగించింది. స్త్రీల సంఘం 1870 దాకా పనిచేసి, ఆ తర్వాతే మూతపడింది.

చీలిక, చివరి ఏళ్లు

1866లో నల్లజాతి వారికీ స్త్రీలకూ కలిపి ఓటు హక్కు సాధించేందుకు అమెరికన్ ఈక్వల్ రైట్స్ అసోసియేషన్ ఏర్పడింది. అధ్యక్షురాలు మాట్. జాతి కారణంగా ఓటు నిరాకరించరాదనే 15వ సవరణలో స్త్రీల ప్రస్తావన లేకపోవడంతో సంఘం రెండుగా విడిపోయింది. స్టాంటన్, ఆమె సహచరి సుసాన్ ఆంథొనీ ఆ సవరణను వ్యతిరేకించారు; మరో స్త్రీ హక్కుల నాయకురాలు లూసీ స్టోన్, ఫ్రెడరిక్ డగ్లస్ సమర్థించారు. 1869లో రెండు ప్రత్యర్థి ఓటు హక్కు సంఘాలు పుట్టాయి. రెండు వర్గాలనూ కలపాలని మాట్ చేసిన ప్రయత్నం ఫలించలేదు. అవి 1890లో గానీ ఏకం కాలేదు.

జేమ్స్ 1868 జనవరిలో మరణించాడు. ఆ మరుసటి ఏడే, దంపతులిద్దరూ స్థాపకుల్లో ఉన్న స్వార్త్‌మోర్ కళాశాల స్త్రీ పురుషులకు కలిపి చదువు చెప్పే సంస్థగా తలుపులు తెరిచింది. 1876లో స్వాతంత్ర్య శతజయంతి నాడు ఫిలడెల్ఫియాలో స్త్రీలు జరిపిన సభకు మాట్ అధ్యక్షత వహించింది. 1878లో, 85 ఏళ్ల వయసులో, సెనెకా ఫాల్స్ సదస్సు ముప్పయ్యో వార్షికోత్సవానికి రోచెస్టర్ వెళ్లింది. 1880 నవంబరు 11న రోడ్‌సైడ్‌లో కన్నుమూసింది. ఫెయిర్‌హిల్ క్వేకర్ శ్మశానంలో ఆమెను ఖననం చేశారు.

మాట్ పెద్ద గ్రంథాలేవీ రాయలేదు. క్వేకర్ పద్ధతి ప్రకారం ముందుగా రాసుకోకుండా అప్పటికప్పుడు మాట్లాడేది. ఇప్పుడు దొరికే ప్రసంగాలు చాలావరకు శ్రోతలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నవే. అందుకే తర్వాతి తరాల చరిత్రల్లో, రాతకు ఎక్కువ కాలం వెచ్చించిన స్టాంటన్, ఆంథొనీల వెనుక ఆమె పేరు నిలిచింది. సుమారు 1960ల తర్వాత చరిత్రకారులు స్త్రీల బానిసత్వ వ్యతిరేక సంఘాల పద్దులు, నివేదికలు, సంతకాల పత్రాలు పరిశీలించాక, సెనెకా ఫాల్స్‌కు పదిహేనేళ్ల ముందే మొదలైన ఆ పని విలువ బయటపడింది.

స్త్రీలకు ఓటు హక్కునిచ్చిన 19వ సవరణ 1920లో ఆమోదం పొందింది. 1923లో క్వేకర్ కుటుంబంలోనే పుట్టిన ఆలిస్ పాల్, స్త్రీ పురుష సమానత్వాన్ని రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనను సెనెకా ఫాల్స్‌లోనే ప్రకటించి, దానికి ‘లుక్రీషియా మాట్ సవరణ’ అని పేరు పెట్టింది. తర్వాత పాఠం మారిన ఆ సవరణ 1972లో కాంగ్రెస్ దాటినా, పెట్టిన గడువులోగా చాలినన్ని రాష్ట్రాలు సమ్మతించలేదు.